నలభై అంగుళాల జాగా

ఆగస్టు 18, 2025, సోమవారం

పొద్దున్నే అమ్మ ఫోను. "మీ ఇంటి పక్కనేనటగా?" అంది. ఏమిటని అడిగేలోపే టీవీలో చూసిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. రామంతాపూర్ గోఖలే నగర్‌లో రాత్రి కృష్ణాష్టమి రథం ఊరేగింపులో కరెంటు కొట్టి అయిదుగురు పోయారు. రథాన్ని లాగే బండి ఆగిపోతే మనుషులే తోసుకుంటూ వస్తున్నారట. పైనుంచి వేలాడే కేబుల్ వైరు ద్వారా కరెంటు దిగిందని సాయంత్రానికి వార్తల్లో వచ్చింది.

నా ఉద్యోగం ఏమిటో అమ్మకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను. చుట్టాలకి "కంప్యూటర్ పని" అని చెప్పుకుంటుంది. నిజానికి నేను పొద్దస్తమానం చూసేది కరెంటు స్తంభాలు. ఇక్కడివి కావు, ఒహాయోవి. అక్కడ కొత్తగా ఫైబర్ వేయాలనుకున్న కంపెనీ ముందు ప్రతి స్తంభం దగ్గరికీ మనిషిని పంపి, పక్కన కొలకర్ర నిలబెట్టి ఫొటో తీయిస్తుంది. ఆ ఫొటోలు ఉప్పల్లో మా ఆఫీసుకొస్తాయి. ఒక్కో తీగ మీదా క్లిక్ చేస్తే దాని ఎత్తు పడుతుంది. శిఖరాన ఎక్కువ వోల్టేజీ తీగ ప్రైమరీ, దాని కింద న్యూట్రల్, ఇంకా కింద కేబుల్ టీవీ, అన్నిటికన్నా అడుగున టెలిఫోను. కొత్త కేబుల్‌కి చోటుందా, లేకపోతే ఎవర్ని ఎన్ని అంగుళాలు జరపాలి అన్నది రాసివ్వడమే నా పని. దాని పేరు మేక్ రెడీ.

ఈ పనికంతటికీ ఆయువుపట్టు ఒకే ఒక్క అంకె, 40 అంగుళాలు. కరెంటు తీగల్లో అట్టడుగుదానికీ కమ్యూనికేషన్ తీగల్లో అన్నిటికన్నా పైదానికీ మధ్య, స్తంభం దగ్గర, మామూలుగా అంత ఖాళీ ఉండాలి. రెండు స్తంభాల నడుమ తీగలు వేలాడే చోట 30. వాళ్ళ నేషనల్ ఎలక్ట్రికల్ సేఫ్టీ కోడ్‌లో 235వ రూలు ఇది.

ఈ రాత్రి ఒక స్తంభానికి 38 వచ్చింది. ఫెయిల్ కొట్టాను. రెండంటే రెండు అంగుళాలు తక్కువ. కొట్టాక మాత్రం తర్వాతి ఫొటో తెరవబుద్ధి కాలేదు.

ఆగస్టు 20, బుధవారం

పొద్దుట్నుంచీ మా వీధిలో నిచ్చెనలు. కరెంటు డిపార్టుమెంటు వాళ్ళు స్తంభాల మీది కేబుళ్ళు కత్తిరిస్తున్నారు. తెగిన వైర్లన్నీ నల్ల పాముల్లా రోడ్డు మీద పడున్నాయి. పది గంటలకి మా నెట్ పోయింది.

నిజం రాయాలిగా ఇక్కడ. మొన్న ఆ వార్త విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నదాన్నే, ఇవాళ కేబులతనికి ఆరుసార్లు ఫోను చేసి అరిచాను. "షిఫ్టుంది నాకు, నువ్వేం చేస్తావో నాకు తెలీదు" అన్నాను. "మేడం, వైరే లేదు, నన్నేం చెయ్యమంటారు" అన్నాడు పాపం. మొబైల్ నెట్‌తో ఆ ఫొటోలు తెరుచుకోవు. సెలవు పెట్టాను.

ఆగస్టు 22, శుక్రవారం

నెట్ వచ్చింది. కత్తిరింపుల వ్యవహారం హైకోర్టుకెక్కింది. మా వీధిలో మాత్రం కోర్టు చెప్పేదాకా ఎవరూ ఆగలేదు. నిన్న రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు సెల్‌ఫోను లైటు వేసుకుని తెగిన చోటల్లా అతుకులు వేసుకుంటూ పోయారు.

ఆగస్టు 24, ఆదివారం

నాన్న వచ్చాడు. చవితికి రమ్మంటే అమ్మ రాలేనంది, నాన్న ఒక్కడే తెనాలి నుంచి రైలెక్కాడు. లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై ఆరేళ్ళయింది. ఆటో దిగి సంచీ నా చేతికిచ్చి ఇంట్లోకి కాదు, గేటు ముందున్న స్తంభం వైపు నడిచాడు. తల పైకెత్తి అయిదు నిమిషాలు చూశాడు. ఏ ఊరెళ్ళినా అంతే. తిరపతి కొండకెళ్ళినా ముందు లైన్లు చూసి తర్వాత గోపురం చూస్తాడు.

"ఎన్నున్నాయో లెక్కపెట్టావా ఎప్పుడన్నా?" అన్నాడు.

ఒహాయోలో వేల స్తంభాలు లెక్కపెట్టాను. ఇది పెట్టలేదు.

నాన్న పెట్టాడు. 23 నల్ల కేబుళ్ళు, అదీ కత్తిరింపులయ్యాక. అందులో పని చేసేవి అయిదో ఆరో ఉంటాయని, మిగతావి కనెక్షన్ మారినప్పుడు విప్పకుండా వదిలేసినవని తేల్చాడు. మిగిలిన వైరుని చుట్టలు చుట్టి స్తంభానికే తగిలించారు. ఆ చుట్టల్లో ఒకటి ఇళ్ళకి వెళ్ళే ఎల్‌టీ న్యూట్రల్‌కి ఆనుకునే ఉంది. "జానెడు కూడా లేదు" అన్నాడు లోపలికొస్తూ. తర్వాత కాఫీ అడిగాడు.

ఆగస్టు 25, సోమవారం

రాత్రి షిఫ్టులో నాన్న పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో నా పని చూడ్డం ఇదే మొదలు. మంచులో ఒక స్తంభం, వెనకాల ఎర్రటి కొట్టం, కంచె దగ్గర కుక్క. నేను క్లిక్ చేస్తుంటే నోటితోనే చదువుతున్నాడు. "ఇది ప్రైమరీ. ఇది ట్రాన్స్‌ఫార్మర్. ఇదేంటి, కర్ర స్తంభమా?"

కర్రే. మామూలుగా 40 అడుగులది, భూమిలోకి 6 అడుగులు పోతే పైన 34.

40 అంగుళాల సంగతి చెప్పాను. "అంతెందుకు? అంత దూరం కరెంటు దూకదుగా" అన్నాడు. దూకదు. ఆ ప్రైమరీలో 7,200 వోల్టులుంటే గాలిలో అది అంగుళం కూడా దూకలేదు. ఆ ఖాళీ మనిషి కోసం వదిలింది. దానికి కోడ్‌లో పెట్టిన పేరే కమ్యూనికేషన్ వర్కర్ సేఫ్టీ జోన్. కేబుల్ టీవీ వాడికీ ఫోను వాడికీ కరెంటు పని రాదు, రావాలని ఎవరూ అనరు కూడా. వాడు తన తీగ దగ్గర బెల్టు కట్టుకుని నిలబడి, పరధ్యానంగా చెయ్యి పైకెత్తినా, చేతిలో రెంచి ఉన్నా, పైవాటికి తగలకూడదు. అందుకని ఆ జాగాలో ఎవ్వరూ ఏదీ తగిలించడానికి లేదు. వీధి దీపం లాంటి ఒకటి రెండిటికి మినహాయింపు, వాటికీ వేరే కొలతలు.

నాన్న ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి కాగితం, పెన్ను అడిగాడు.

"మన ఎల్‌టీ స్తంభం 8 మీటర్లు. మీటరున్నర గుంటలో పోతుంది. మిగిలింది ఆరున్నర. నాలుగు తీగలు ఒకదాని కిందొకటి వేస్తే అడుగుది అయిదున్నర మీటర్ల దగ్గరుంటుంది. రోడ్డు వెంబడి ఉండాల్సింది కూడా అయిదున్నరే. అడ్డంగా దాటితే 5.8, లెవెన్ కేవీకి 6.1. 1956 రూల్సులోనే ఉంది, 77వ రూలు." డిపార్టుమెంటు పరీక్షకి చదివిన అంకెలు, రిటైరైనా నాలుక చివరే ఉన్నాయి. "ఇప్పుడు నీ 40 అంగుళాలు తియ్యి. మీటరు పోయింది, నాలుగున్నర. కేబుల్ నడిమధ్యలో అర మీటరు వేలాడదూ? నాలుగు."

నాలుగు మీటర్లంటే 13 అడుగులు. ఒహాయోలో రోడ్డు మీద కమ్యూనికేషన్ కేబుల్ పదిహేనున్నర అడుగులకి తగ్గితే నేను ఫెయిల్ కొడతాను.

"చూశావా, చోటే లేదు" అన్నాడు నాన్న, లెక్క సరిపోయినందుకు సంతోషమో ఏమో తెలీని గొంతుతో. "మన స్తంభం కరెంటు కోసం పుట్టింది. మిగతావాళ్ళు దాని భుజాలెక్కారు."

నాకు తట్టనిది ఇదే. ఇక్కడి కేబుళ్ళ గందరగోళం చూసినప్పుడల్లా మనవాళ్ళకి శుభ్రత లేదనీ బుద్ధి లేదనీ తిట్టుకునేదాన్ని. రూలు పాటిద్దామని ఎవడైనా బుద్ధిమంతుడు నిచ్చెన తెచ్చుకున్నా, ఆ స్తంభం మీద వాడికి పెట్టుకునే చోటు లేదు. అక్కడైతే చోటు చాలకపోతే 45 అడుగుల స్తంభం పాతండని రాస్తాను. పాతుతారు. ఖర్చు ఎవరిదన్న పంచాయితీ నెలల తరబడి నడుస్తుంది, అది వేరే కథ. కొత్త కేబుల్ కోసం ఫొటో తీస్తే పాతవాళ్ళ తప్పులన్నీ బయటపడతాయి. పాత తప్పు దిద్దే ఖర్చు కొత్తగా వచ్చినవాడి నెత్తిన వేయకూడదని 2018లో వాళ్ళ కమ్యూనికేషన్స్ కమిషన్ తేల్చి చెప్పాల్సి వచ్చింది. అక్కడేమీ అందరూ హరిశ్చంద్రులు కారు.

నాన్న ఇంకొకటి పట్టుకున్నాడు. ఫొటోలో మంచు ఉంది కదా, చలికి తీగ బిగుసుకుని ఉంటుంది కదా, ఈ కొలతతో ఎలా నమ్ముతావన్నాడు. నమ్మను. లోడు పడి, ఎండకి కాగి, సాగి కిందికి దిగినప్పుడెంతో సాఫ్ట్‌వేరులో లెక్క కడతాం. కింద ఫైబరు అంతగా సాగదు. పైన అల్యూమినియం తీగ జారి దాని మీదికొస్తుంది. "స్తంభం దగ్గర చూసి సరే అనుకోకూడదు, నడిమధ్యన చూడాలి. మేం స్పేసర్లు కట్టేది అందుకే" అన్నాడు. పన్నెండింటికి కుర్చీలోనే నిద్రపోయాడు.

ఆగస్టు 26, మంగళవారం

రాత్రి తొమ్మిదిన్నరకి డప్పులు. మా కాలనీ కుర్రాళ్ళు వినాయకుణ్ణి తెస్తున్నారు. డీసీఎం వ్యాను మీద నిలబెట్టిన విగ్రహం, కిరీటంతో కలిపి 15 అడుగులు దాటే ఉంటుంది. సన్నగా తుంపర. విగ్రహం పక్కనే వ్యాను మీద నిలబడి ఒక కుర్రాడు, వాడి చేతిలో చివర అడ్డచెక్క కొట్టిన పొడుగాటి కర్ర. అడ్డమొచ్చిన వైర్లన్నీ ఆ కర్రతో పైకెత్తి పట్టుకుంటున్నాడు, బండి కింద నుంచి దూరిపోతోంది. ఏటా చూస్తున్నదే. ఏటా నేనూ బాల్కనీ నుంచి వీడియో తీశాను.

నాన్న చెప్పుల్లేకుండా మెట్లు దిగాడు. నేను వెనకాల పరిగెత్తాను. బండికి ఎదురుగా వెళ్ళి రెండు చేతులూ ఎత్తాడు. డప్పులు ఆగలేదు. డ్రైవరు బ్రేకు వేశాడు.

"బాబూ, ఆ కర్ర దించు. నిదానంగా. పక్కకి కాదు, కిందికి."

"ఏం కాదంకుల్, అవి నెట్ వైర్లే" అన్నాడు పైనున్నవాడు.

"నువ్వెత్తుతున్నది నెట్ వైరే. అది పైకెళ్ళి దేనికి తగులుతోందో చూశావా?"

అప్పుడు చూశాను నేను కూడా. వాడు కర్రతో ఎత్తిన కేబుల్ గుత్తి ఎల్‌టీ లైన్లో అడుగు తీగకి బెత్తెడు దూరంలో ఊగుతోంది. ఆ గుత్తిని కట్టింది మెలివేసిన జీఐ తీగతో. ఫైబరు గాజే, దాంట్లో కరెంటు పారదు. దాన్ని మోసే ఇనప తీగలో పారుతుంది. కర్ర తడిసి ఉంది. కర్ర పట్టుకున్నవాడు ఇనప బండి మీద, ఆ బండిని ముట్టుకుని ఇరవై మంది.

ఎవరూ వాదించలేదు. రామంతాపూర్ పేరు ఎవరూ ఎత్తలేదు కూడా. 1912కి ఫోను చేశాను. పావుగంటలో లైన్‌మన్ బండి మీద వచ్చాడు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సప్లై తీశాడు. చీకట్లో వినాయకుడు మా ఇల్లు దాటాడు. ఒక పెద్దాయన మాత్రం ముహూర్తం దాటిపోతోందని విసుక్కున్నాడు. లైన్‌మన్‌కీ నాన్నకీ అయిదు నిమిషాల్లో చుట్టరికం కలిసిపోయింది, ఇద్దరూ స్తంభం కింద సెల్‌ఫోను వెలుతుర్లో నిలబడి అరగంట మాట్లాడుకున్నారు.

ఆగస్టు 27, బుధవారం

చవితి. ఉండ్రాళ్ళు ఉడకలేదు సరిగ్గా. నాన్న పాలవెల్లి కట్టాడు, మొక్కజొన్న పొత్తుకీ వెలక్కాయకీ మధ్య దూరం సమానంగా రావాలని మూడుసార్లు విప్పి కట్టాడు. బయట ఎడతెగని వాన.

ఆగస్టు 28, గురువారం

వాన తగ్గలేదు. మధ్యాహ్నం నాన్న ఎప్పుడూ చెప్పని కథ ఒకటి చెప్పాడు. నేను అడగలేదు. మొన్నటి కర్ర ఇంకా బుర్రలో తిరుగుతున్నట్టుంది. మర్చిపోకముందే రాసుకుంటున్నాను.

97 ఎండాకాలం. కేబుల్ టీవీ ఊరూరా పాకుతున్న రోజులు. ఒక వీధిలో ఎల్‌టీ లైనుకి జంపరు కాలింది. నాన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ లాగాడు, ఫ్యూజులు పీకాడు, నాలుగు తీగలూ కలిపి ఎర్త్ చేశాడు. అంతా రూలు ప్రకారమే. హెల్పరు పైకెక్కి బెల్టు వేసుకున్నాడు. కుడిచేత్తో లైను తీగ పట్టుకున్నాడు. అది చచ్చిన తీగ. ఎడమచేత్తో ఆసరాకి కేబుల్ వాళ్ళ జీఐ తీగ పట్టుకున్నాడు.

అది బతికుంది. అక్కడ కాదు, మూడు వీధుల అవతల, వేరే ట్రాన్స్‌ఫార్మర్ కింద, అదే జీఐ తీగ గాలికి ఊగి ఊగి ఒక ఫేజుని ఒరుసుకుంటోంది. ఆ కరెంటు ఈ స్తంభం దాకా వచ్చి కాచుక్కూర్చుంది.

"మనం ఎర్త్ చెయ్యకపోయుంటే వాడికి అంత తగిలేది కాదేమో" అన్నాడు నాన్న. "ఎడమచేతిలోకి వచ్చింది, గుండెల మీదుగా, కుడిచేతిలోంచి నేను వేసిన ఎర్త్‌లోకి. వాణ్ణి కాపాడ్డానికి వేసిందే దారయింది."

కింద నుంచి ఎండు వెదురుగడతో ఆ జీఐ తీగని కొట్టి కొట్టి చేయి విడిపించాడట. మనిషి బెల్టుకి వేలాడిపోయాడు. బతికాడు. ఎడమచేతి వేళ్ళు రెండు తీసేశారు. ఆ కేబుల్ ఎవరిదో తేల్చమంటే అందరూ మాది కాదన్నారు. స్తంభానికి అద్దె కట్టినట్టు కాగితం లేదు, అనుమతి అడిగినట్టు కాగితం లేదు.

"అంతకుముందు టెలిఫోను లైన్లుండేవిగా?" అన్నాను.

"ఉండేవి. వాళ్ళ స్తంభాలు వాళ్ళవి, మా స్తంభాలు మావి. మా లెవెన్ కేవీ వాళ్ళ లైను దాటాలంటే కరెంటు, టెలిఫోను శాఖల ఉమ్మడి కమిటీ పీటీసీసీ అనుమతి రావాలి. మూలగా దాటతానంటే ఒప్పుకునేవారు కాదు, సూటిగా అడ్డంగా దాటాలి. తీగ తెగినా వాళ్ళ మీద పడకుండా కింద గార్డింగ్ వల కట్టాలి. ఆ కాగితాల కోసం తిరిగి తిరిగి తిట్టుకునేవాళ్ళం." కాసేపాగి, "రెండూ సర్కారువే కాబట్టి ఒకళ్ళనొకళ్ళు అడుక్కునేవాళ్ళు. కేబుల్ వచ్చాక అడిగేవాడు లేడు, చెప్పేవాడూ లేడు."

తర్వాత సర్కారువారి ఫైబర్‌నెట్ కూడా మా స్తంభాల మీదికే వచ్చిందిగా అని నవ్వాడు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి వచ్చి ప్రారంభించిన పథకం. ఆంధ్రలో 20 వేల కిలోమీటర్లకు పైగా ఫైబరు కరెంటు స్తంభాల మీదుగానే పోయింది. తవ్వడం కంటే చవక, త్వరగా అవుతుంది. తప్పని నేననను. ఊళ్ళలో నెట్ వచ్చింది దాని వల్లే.

ఒహాయోలో ఆ మోసే తీగని స్తంభం ఎర్తుకి కలుపుతారని చెప్పాను. ఎక్కడైనా ఫేజు తగిలితే కరెంటు నేరుగా న్యూట్రల్‌కి పోయి ఫ్యూజు కొట్టేస్తుంది, ఎవడి కోసమూ కాచుక్కూర్చోదు. నాన్న తల ఊపాడు. "ఇక్కడ దాన్ని కలపాలన్నా ఫలానావాడిదని తెలియాలిగా ముందు."

ఆ హెల్పరు ఎవరో నాకు తెలుసు. చిన్నప్పుడు సంక్రాంతికి ఇంటికొచ్చేవాడు, ఎడమచెయ్యి ఎప్పుడూ కండువాలో పెట్టుకుని. జేబులో చాక్లెట్లు కుడిచేత్తోనే తీసిచ్చేవాడు.

ఆగస్టు 31, ఆదివారం

నాన్నని రైలెక్కించాను. ఎక్కేముందు, "నిచ్చెన మీద ఎవడున్నా కింద నుంచి మాట్లాడించకు" అని చెప్పాడు. జాగ్రత్త, తిను, నిద్రపో, ఏమీ చెప్పలేదు.

సెప్టెంబరు 4, గురువారం

నిమజ్జనం దారి క్లియర్ చేస్తున్నామని మళ్ళీ కత్తిరింపులు. మళ్ళీ నెట్ పోయింది. ఈసారి ఎవరి మీదా అరవలేదు. ఆఫీసుకి పోయి కూర్చున్నాను.

సెప్టెంబరు 6, శనివారం

టీవీలో ఖైరతాబాద్ గణపతి, 69 అడుగులు, హుస్సేన్ సాగర్ వైపు కదులుతున్నాడు. మా వీధి గణపతి సాయంత్రం కదిలాడు. ముందే లైన్‌మన్‌ని పిలిపించుకున్నారు కుర్రాళ్ళు. కర్ర మాత్రం వ్యాను మీదే ఉంది, దండ వేసి.

సెప్టెంబరు 9, మంగళవారం

సాయంత్రం నాలుగింటికి గేటు ముందు నిచ్చెన. పద్దెనిమిదేళ్ళుంటాయి, భుజం మీద కొత్త కేబుల్ చుట్ట, నోట్లో కటింగ్ ప్లేయరు. గ్లవుజుల్లేవు, బెల్టు లేదు. రబ్బరు చెప్పులు నిచ్చెన కిందే విడిచి ఎక్కాడు. నాన్న మాట గుర్తొచ్చి మాట్లాడించలేదు. వాడు దిగేదాకా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.

దిగాక అడిగాను, కొంచెం కిందికి కట్టలేవా అని.

"కిందికి కడితే చెత్త బండి తెంపుకుపోద్దక్కా. పైకి కడితే కరెంటోళ్ళు కోస్తారు." చెప్పులు వేసుకున్నాడు. "మీకు నెట్ కావాలన్నారని సారు పంపిండు."

కావాలన్నది నేనే. పేరడిగాను, చెప్పాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళాడు.

వాడు వెళ్ళాక మేడ మెట్ల మీద నుంచి ఫొటో తీశాను. కొలకర్ర లేదు కాబట్టి స్తంభం మొత్తం ఎత్తుని బట్టి లెక్క కట్టాను. న్యూట్రల్‌కీ కొత్త కేబుల్‌కీ మధ్య 9 అంగుళాలు. స్తంభం నంబరు రాసుకుని 1912కి ఫిర్యాదు ఇచ్చాను. నా కేబుల్ మీద నేనే.

ఆరున్నరకి లాగిన్ అయ్యాను. ఈ రాత్రి మొదటి స్తంభం, న్యూట్రల్ 24 అడుగుల 2 అంగుళాలు, కేబుల్ టీవీ 20 అడుగుల 10 అంగుళాలు. సరిగ్గా 40. పాస్.